ఎలక్ట్రిక్ కార్లు విదేశాలకు: సుంకం కట్టాక మొదలయ్యే చిక్కులు

ప్రశ్న: సొంత దేశంలో బాగా అమ్ముడవుతున్న ఎలక్ట్రిక్ కారును కొద్దిపాటి మార్పులతో ఏడాదిన్నరలో నాలుగైదు దేశాల్లో దించాలనుకునే కంపెనీకి దిగుమతి సుంకం కాకుండా ఇంకేం అడ్డొస్తాయి? ఏ పనితో మొదలుపెట్టాలి?

ఏడాదిన్నరలో నాలుగైదు దేశాలు కుదరవు. ఒక దేశం, మహా అయితే ఒకే నిబంధనలు నడిచే దేశాల గుంపు ఒకటి కుదురుతుంది. అందరూ సుంకాన్ని చూసి భయపడతారు గానీ, అది ముందే లెక్కకు దొరికే ఖర్చు. కారు రేవులో దిగాక మొదటి మూడేళ్లు దాన్ని నడిపించడానికి, చెడితే బాగుచేయడానికి, సెకండ్ హ్యాండ్‌లో దాని విలువ పడిపోకుండా చూసుకోవడానికి అయ్యే ఖర్చు మాత్రం ఎవరి ఎక్సెల్ షీటులోనూ ముందుగా కనిపించదు. కంపెనీలు ఎక్కువగా జారేది అక్కడే.

అయినా సుంకం సంగతి ముందు తేల్చేద్దాం. చైనాలో తయారైన బ్యాటరీ కార్లపై ఐరోపా సమాఖ్య 2024 అక్టోబరు 30 నుంచి మామూలు 10 శాతానికి తోడు సబ్సిడీకి విరుగుడుగా ఇంకో సుంకం వేసింది. టెస్లాకు 7.8, చైనా కంపెనీలైన బీవైడీకి 17, గీలీకి 18.8, శాయిక్‌కు 35.3 శాతం. టెస్లా పేరు ఈ జాబితాలో ఎందుకుందో గమనించండి: ఇక్కడ చూసేది కంపెనీ ఏ దేశానిదన్నది కాదు, కారు ఎక్కడ తయారైందన్నది. ప్లగిన్ హైబ్రిడ్లకు ఈ అదనపు సుంకం వర్తించదు. అమెరికా 2024 సెప్టెంబరులో చైనా ఎలక్ట్రిక్ కార్లపై సుంకాన్ని 100 శాతానికి పెంచింది. బ్రెజిల్ 2024 జనవరిలో 10 శాతంతో మొదలుపెట్టి, మెట్లు మెట్లుగా 2026 జులైకి 35 శాతానికి చేరేలా ముందే ప్రకటించింది. నార్వే ఐరోపా టైప్ అప్రూవల్‌ను (మోడల్‌ను అమ్మే ముందు ఇచ్చే ఆమోదాన్ని) ఒప్పుకుంటుంది గానీ సమాఖ్య కస్టమ్స్ యూనియన్‌లో లేదు, కాబట్టి ఆ అదనపు సుంకం అక్కడ లేదు. కొత్త కంపెనీలు చాలావరకు నార్వేతో మొదలుపెట్టడానికి ఇదొక్కటే కారణం కాకపోయినా, ఇదీ ఒక కారణమే.

ఇక ఆమోదాలు. ఇందులో ప్రపంచం ప్రధానంగా రెండు దారుల్లో నడుస్తోంది. ఐరోపా, బ్రిటన్, జపాన్ లాంటి చోట్ల ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ఆధారంగా ముందు పరీక్ష, తర్వాత ఆమోదం, ఆ తర్వాతే అమ్మకం. అమెరికాలో తన కారు ప్రమాణాలకు సరిపోతుందని తయారీదారే ప్రకటించుకోవాలి. ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ తర్వాత పరీక్షిస్తుంది, తప్పితే రీకాల్ చేయాల్సిందే. ఒక దారిలో పాసైన కారు రెండో దారిలో పాసవుతుందని అనుకోవద్దు. అమెరికా ప్రమాణం 208 ప్రకారం సీటుబెల్టు పెట్టుకోని బొమ్మతో కూడా ఢీకొట్టే పరీక్ష ఉంటుంది. అందుకోసం ఎయిర్‌బ్యాగ్, మోకాళ్లకు తగిలే డాష్‌బోర్డు కింది భాగం మళ్లీ డిజైన్ చేయాల్సి రావచ్చు. పాదచారులను హెచ్చరించే శబ్దం ఐరాస నిబంధన 138 కింద గంటకు 20 కిలోమీటర్ల వేగం వరకు ఉంటే చాలు, అమెరికాలో దాదాపు 30 వరకు ఉండాలి. హెడ్‌ల్యాంపు కాంతి పడే తీరు, పక్క రిఫ్లెక్టర్లు కూడా వేరు.

ఐరాస దారిలో కొత్త కంపెనీల గొంతులో పచ్చి వెలక్కాయలా పడేది క్రాష్ టెస్టు కాదు, సైబర్ భద్రతకు సంబంధించిన నిబంధన 155. ఐరోపా సమాఖ్యలో కొత్త మోడళ్లకు 2022 జులై నుంచి, అమ్మే ప్రతి కొత్త కారుకూ 2024 జులై నుంచి ఇది తప్పనిసరి. ముందు కంపెనీ పనితీరుకు ఒక సర్టిఫికెట్ తీసుకోవాలి, అది గరిష్ఠంగా మూడేళ్లు చెల్లుతుంది. అది చేతికొచ్చాకే మోడల్‌కు ఆమోదం. చిక్కల్లా సప్లయర్ల దగ్గర వస్తుంది. టెలిమాటిక్స్ బాక్సు (కారును మొబైల్ నెట్‌వర్క్‌కు కలిపేది), గేట్‌వే (కారులోని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపేది), ఇన్ఫోటైన్‌మెంట్ యూనిట్ చేసిన వాళ్లు తమ ముప్పు విశ్లేషణ కాగితాలు, పరీక్ష ఫలితాలు ఇవ్వాలి. సొంత దేశం కోసం మూడేళ్ల కిందట రాసుకున్న ఒప్పందంలో ఆ షరతు లేకపోతే వాళ్లు ఇవ్వరు, లేదా కొత్తగా డబ్బు అడుగుతారు. పాత ఎలక్ట్రానిక్స్ మీద కట్టిన కారును ఈ నిబంధనకు సరిచేయడం ఎంత ఖరీదంటే, పోర్షా తన పెట్రోల్ మకాన్‌ను 2024లో ఐరోపా సమాఖ్య మార్కెట్ నుంచి తీసేసింది.

దీని జంట నిబంధన 156 సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల గురించి. బ్రేకు, స్టీరింగ్, లైట్లు, డ్రైవర్ సహాయక వ్యవస్థల్లాంటి ఆమోదం పొందిన పనితీరును తాకే ఏ అప్‌డేట్ అయినా ఆమోదాన్ని సవరించుకున్నాకే పంపాలి. వారం వారం అప్‌డేట్ వదిలే అలవాటున్న ఇంజనీరింగ్ బృందానికి ఇది మింగుడు పడదు. అందుకే కోడ్‌ను మొదటి రోజు నుంచే రెండు భాగాలుగా విడగొట్టండి: ఆమోదంతో ముడిపడినది ఒకటి, స్వేచ్ఛగా మార్చుకోగలిగింది ఒకటి. తర్వాత విడగొట్టడం అంటే కట్టిన ఇంటికి పునాది మార్చడమే.

నీటి లోతు చూసుకోవాలనుకుంటే చిన్న దారులున్నాయి. ఐరోపా సమాఖ్యలో ఒక టైపు కార్లు ఏడాదికి 1,500 దాటకపోతే చిన్న శ్రేణి ఆమోదం దొరుకుతుంది, అందులో కొన్ని పరీక్షలు తేలిక. జపాన్‌లో దిగుమతి కార్లకు ఒక టైపుకు ఏడాదికి 5,000 వరకు సులభ పద్ధతి ఉంది. ఆ సంఖ్యతో లాభం రాదు, కానీ తప్పులు చిన్నవిగా ఉన్నప్పుడే బయటపడతాయి. కుడివైపు స్టీరింగ్ దేశాలకు వెళ్లేటప్పుడు మాత్రం చక్రం పక్కకు జరిపితే సరిపోతుందని లెక్కవేయొద్దు. డాష్‌బోర్డు వెనక ఉక్కు దూలం, ఏసీ పెట్టె, పెడళ్లు, వైపర్లు ఊగే దిశ, హెడ్‌ల్యాంపులు, కేబుల్ హార్నెస్ అన్నీ మారతాయి, క్రాష్ టెస్టు మళ్లీ మొదటికొస్తుంది.

ఛార్జింగ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అడాప్టర్‌తో అయిపోయే పని అని చాలామంది అనుకుంటారు. చైనా జీబీ/టీ పద్ధతిలో ఏసీకి (ఇంటి కరెంటుకు) ఒకటి, డీసీకి (ఫాస్ట్ ఛార్జింగ్‌కు) ఒకటి విడివిడి సాకెట్లు. ఐరోపా సీసీఎస్2లో రెండూ ఒకే సాకెట్‌లో. ఉత్తర అమెరికాలో సీసీఎస్1 నుంచి టెస్లా తెచ్చిన నాక్స్ వైపు మళ్లుతున్నారు. సాకెట్ మారితే బాడీ ప్యానెల్ కోత, మూత, కేబుళ్లు మారతాయి. లోపల భాష కూడా మారుతుంది: జీబీ/టీ ఛార్జర్‌తో కారు క్యాన్ బస్ అనే డేటా తీగల మీద మాట్లాడుతుంది, సీసీఎస్‌లో పైలట్ తీగ మీద పవర్‌లైన్ సంకేతాలతో. అంటే కమ్యూనికేషన్ కంట్రోలర్ కొత్తది కావాలి, డిన్ 70121, ఐఎస్ఓ 15118 అనే రెండు సంభాషణ ప్రమాణాలూ తెలిసినది.

ఏసీ ఛార్జింగ్‌లో ఉచ్చు ఇంకోటి. 7 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఛార్జర్ ఉన్న కారు జర్మనీ ఇంట్లో ఆ 7 తీసుకోలేదు. ఫేజుల మధ్య అసమానత 4.6 కిలోవోల్ట్ ఆంపియర్లు దాటకూడదన్నది అక్కడి గ్రిడ్ నియమం, అంటే 20 ఆంపియర్ల దగ్గర ఆగిపోవాలి. కాబట్టి ఐరోపాకు మూడు ఫేజుల్లో 16 ఆంపియర్లు తీసుకునే 11 కిలోవాట్ల ఛార్జర్ పెట్టాల్సిందే. నార్వేలో చాలా ఇళ్లకు వచ్చే సరఫరాలో న్యూట్రలే ఉండదు, రెండు ఫేజుల మధ్యే 230 వోల్టులు. ఎర్తింగ్ కొలిచి నమ్మకం కుదిరితేనే ఛార్జింగ్ మొదలుపెట్టే కారు అక్కడ ‘ఎర్త్ లోపం’ అని మొండికేస్తుంది. ల్యాబ్‌లో బాగానే ఉంటుంది, కొన్నవాడి గ్యారేజీలో పనిచేయదు.

డీసీ దగ్గర తప్పులు చాలావరకు ప్రమాణంలో కాక, ఒక్కో ఛార్జర్ తయారీదారు ఆ ప్రమాణాన్ని అర్థం చేసుకున్న తీరులో ఉంటాయి. మొదటి సంభాషణకు ఇచ్చిన సమయం ముగిసిపోవడం, కారులో కరెంటు లీకును పసిగట్టే ఇన్సులేషన్ మానిటర్, ఛార్జర్‌లోని మానిటర్ ఒకేసారి పనిచేసి ఒకదాన్నొకటి గందరగోళపెట్టడం, ఛార్జింగ్‌కు ముందు రెండువైపులా వోల్టేజీని సమం చేసే ప్రీఛార్జ్ దశలో మిగిలిన తేడాను ఒకరు ఒప్పుకుంటే ఇంకొకరు కాదనడం, చలిలో సాకెట్ తాళం పిన్ను బిగుసుకుపోవడం. 800 వోల్టుల కారైతే 500 వోల్టులు దాటలేని పాత ఛార్జర్ల దగ్గర వోల్టేజీ పెంచే ఏర్పాటు కారులోనే ఉండాలి. వెళ్లబోయే దేశంలో ఎక్కువగా కనిపించే ఛార్జర్ మోడళ్ల జాబితా రాసుకుని, ఒక్కోదాని మీద వేడిలో, చలిలో, పావు బ్యాటరీతో, ముప్పావు బ్యాటరీతో కనీసం ఇరవైసార్లు ఛార్జింగ్ మొదలుపెట్టి చూడండి. ఇరవైలో ఒక్కసారి విఫలమైనా లాగ్ తెరవండి. సీసీఎస్ ప్రమాణాన్ని ముందుకు తీసుకెళ్లే ఛారిన్ సంస్థ నడిపే టెస్టివల్ కార్యక్రమాల్లో ఒకే చోట చాలా ఛార్జర్లు దొరుకుతాయి, అక్కడికి ఇంజనీర్లను పంపడం అన్నిటికన్నా చవక.

వాతావరణం వల్లే ఏడాదిన్నర అంచనా కూలిపోతుంది. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ కణాలను సున్నా డిగ్రీల కింద వేగంగా ఛార్జ్ చేస్తే యానోడ్ మీద లిథియం లోహం పేరుకుంటుంది, అందుకే బ్యాటరీని కాపాడే బీఎంఎస్ కరెంటును బాగా తగ్గించేస్తుంది. దానికి మందు ప్యాక్ హీటర్, ఛార్జర్ చేరకముందే బ్యాటరీని వెచ్చబెట్టే సాఫ్ట్‌వేర్, హీట్ పంపు. వీటిని నిజమైన చలిలోనే సరిచూసుకోవాలి. స్వీడన్‌లోని ఆర్యెప్లోగ్ లాంటి చోట్ల ఒక శీతాకాలం కొలతలకు, తేలిన లోపాలు సరిచేశాక నిర్ధారణకు ఇంకొకటి కావాలి. ఒక సీజన్ తప్పితే ఏడాది పోతుంది, లేదా దక్షిణార్ధగోళంలో న్యూజీలాండ్ మంచుకు కార్లు మోసుకెళ్లాలి. గల్ఫ్ దేశాలకైతే కథ తిరగబడుతుంది: 50 డిగ్రీల ఎండలో ఫాస్ట్ ఛార్జింగ్, క్యాబిన్ ఏసీ ఒకే కంప్రెసర్ మీద పడితే ఏది ముందు తగ్గాలో మీరే నిర్ణయించాలి.

రేంజి అంకె విషయంలో నోరు జాగ్రత్త. 60.48 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న బీవైడీ కారుకు చైనా లెక్కలో 510 కిలోమీటర్లు అని రాస్తే, అదే కారు అట్టో 3 పేరుతో ఐరోపాలో డబ్ల్యూఎల్‌టీపీ లెక్కలో 420. అమెరికా ఈపీఏ పద్ధతి ఇంకా కఠినం. ప్రకటనల్లో సొంత దేశపు అంకె ఒక్కచోట జారినా తర్వాత సర్దిచెప్పుకోలేరు.

ఓడ ప్రయాణం గురించి మాట్లాడేటప్పుడు ఫెలిసిటీ ఏస్ (2022), ఫ్రీమాంటిల్ హైవే (2023), మార్నింగ్ మిడాస్ (2025) అగ్నిప్రమాదాలు గుర్తొస్తాయి. వాటి తర్వాత ఓడ కంపెనీలు, బీమా సంస్థలు బ్యాటరీ ఛార్జ్ శాతం మీద, ప్యాక్ పరిస్థితి మీద కాగితాలు గట్టిగా అడుగుతున్నాయి. అయితే రోజువారీ నష్టం మంటలది కాదు, 12 వోల్టుల చిన్న బ్యాటరీది. ఆరు వారాల ప్రయాణం, ఆపై రేవులో నెలల తరబడి నిలుపుదల. 2024లో బెల్జియంలోని జీబ్రుగ, ఆంట్వెర్ప్ రేవులు అమ్ముడుపోని కార్లతో నిండిపోయిన సంగతి తెలిసిందే. ఈలోగా టెలిమాటిక్స్ బాక్సు నెట్‌వర్క్ కోసం వెతుక్కుంటూ 12 వోల్టుల బ్యాటరీని పీల్చేస్తుంది. అది పోతే తలుపు తెరుచుకోదు, పెద్ద బ్యాటరీని కారుకు కలిపే స్విచ్‌లు (కాంటాక్టర్లు) మూసుకోవు, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు రాయిలా పడుంటుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గరే పెట్టే ‘రవాణా మోడ్’లో టెలిమాటిక్స్ పూర్తిగా నిద్రపోవాలి, వారానికోసారి పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టులదానికి ఛార్జ్ అందాలి. రేవు యార్డులో వైఫై, డీసీ ఛార్జర్లు, నెలకోసారి కార్లను కదిపే మనుషులు ముందే ఉండాలి. లేదంటే డిస్కుల మీద తుప్పు, టైర్లకు చదును మచ్చలు, ఆరునెలల పాత సాఫ్ట్‌వేర్‌తో కార్లు కొనుగోలుదారుడి చేతికి వెళ్తాయి.

ఇప్పుడు అసలు విషయం, విడిభాగాలు. షోరూముకు పెట్టిన డబ్బులో సగమైనా ముందు గోదాముకు పెట్టమని నా సలహా. మొదటి వెయ్యి కార్లకు మొదటి రోజే ఉండాల్సిన సరుకు ఇలా మొదలుపెట్టొచ్చు: ముందు అద్దాలు 15, ముందు బంపర్లు 20, హెడ్‌ల్యాంపులు, సస్పెన్షన్ ఆర్ములు వైపుకు పదేసి, ఛార్జింగ్ సాకెట్ అసెంబ్లీలు 8, ఆన్‌బోర్డు ఛార్జర్లు 5, 12 వోల్టుల బ్యాటరీలు 40, పూర్తి బ్యాటరీ ప్యాకులు కనీసం 2. ఇది ప్రారంభ అంచనా మాత్రమే, మూడు నెలలయ్యాక అసలు వాడకం చూసి దిద్దుకోవాలి. గమనిస్తే ఇందులో ఎక్కువ భాగం చెడిపోయేవి కాదు, గుద్దుకుంటే పగిలేవి. కొత్త కంపెనీలు వారంటీ విఫలాలను లెక్కవేసి సరుకు పంపుతాయి, రోడ్డు ప్రమాదాలను మర్చిపోతాయి. బంపర్ కోసం కారు రెండు నెలలు నిలబడితే, ఆ రెండు నెలల అద్దె కారు ఖర్చు బీమా కంపెనీ భరిస్తుంది, మరుసటేడు ఆ మోడల్ ప్రీమియం పెంచేస్తుంది. అప్పుడు కారు ధర తగ్గించినా ఫలితం ఉండదు.

ముందు అద్దం మారిస్తే దాని వెనకున్న కెమెరాను తిరిగి క్యాలిబ్రేట్ చేయాలి, అంటే దాని గురి సరిచేయాలి. దానికి టార్గెట్ బోర్డులు, చదునైన నేల, డయాగ్నస్టిక్ హక్కులు ఉన్న వర్క్‌షాపు కావాలి. ఐరోపా సమాఖ్యలో స్వతంత్ర మెకానిక్కులకు మరమ్మతు సమాచారం ఇవ్వడం చట్టబద్ధ బాధ్యత, కాబట్టి మాన్యువల్ అనువాదాలు అమ్మకాలకు ముందే సిద్ధంగా ఉండాలి. బ్యాటరీ కేసింగ్‌కు కింద నుంచి చిన్న దెబ్బ తగిలినా దాన్ని తెరిచి మాడ్యూల్ మార్చగలిగే పద్ధతి లేకపోతే కారు మొత్తాన్నీ రద్దు కింద రాసేస్తారు. కణాలను నేరుగా బాడీలో కలిపిన డిజైన్లకు ఈ శిక్ష మరీ ఎక్కువ. దెబ్బతిన్న లిథియం బ్యాటరీని మామూలు లారీలో పంపలేరు, విమానంలో అసలే పంపలేరు. ప్రత్యేక పెట్టె, ఆరుబయట విడిగా ఉంచే స్థలం, తీసుకునే రీసైక్లర్‌తో ఒప్పందం మూడూ మొదటి కారు అమ్మకముందే ఉండాలి. 2027 ఫిబ్రవరి 18 నుంచి ఐరోపా సమాఖ్యలో ప్రతి ఈవీ బ్యాటరీకి డిజిటల్ పాస్‌పోర్టు కూడా తప్పదు. ముడిసరుకు నుంచి సమాచారం సేకరించడం అప్పటికప్పుడు అయ్యే పని కాదు.

సాఫ్ట్‌వేర్, డేటా సంగతులు క్లుప్తంగా. చైనా మ్యాపులు జీసీజే-02 అనే మార్చిన అక్షాంశ రేఖాంశాలతో నడుస్తాయి, బయట డబ్ల్యూజీఎస్-84. ఆ మార్పిడి ఒక్కచోట మిగిలిపోయినా కారు పక్క వీధిలో ఉన్నట్టు చూపిస్తుంది, వేగ పరిమితి హెచ్చరికలు తప్పుతాయి. ఐరోపాలో ఈకాల్ అత్యవసర ఫోను తప్పనిసరి. క్యాబిన్ కెమెరా, లొకేషన్ సమాచారం వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ కిందికి వస్తాయి. చైనా, రష్యాలతో సంబంధమున్న కనెక్టెడ్ కార్ల సాఫ్ట్‌వేర్‌ను అమెరికా 2027 మోడల్ సంవత్సరం నుంచి, హార్డ్‌వేర్‌ను 2030 మోడల్ నుంచి నిషేధించింది. సుంకం రేపు తగ్గినా ఈ గోడ కదలదు.

పేరు రిజిస్టర్ చేయకముందు బోర్డులు కొట్టించొద్దు. చైనా కంపెనీ నియో ఈఎస్6, ఈఎస్8 పేర్లు తన ఎస్6, ఎస్8లకు దగ్గరగా ఉన్నాయని ఆడి వేసిన కేసులో 2023 జనవరిలో మ్యూనిక్ కోర్టు ఆడి వైపే తీర్పిచ్చింది. ఐరోపాలో నియో ఆ శ్రేణిని ఈఎల్ పేర్లతో అమ్ముకోవాల్సి వచ్చింది. అమ్మే పద్ధతిలోనూ తొందర వద్దు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తయారీదారు నేరుగా అమ్మడానికి డీలర్ల చట్టాలు అడ్డు. వియత్నాం కంపెనీ విన్‌ఫాస్ట్ అక్కడ నేరుగా అమ్మకంతో మొదలుపెట్టి, తర్వాత డీలర్ల దారికొచ్చింది. డిస్ట్రిబ్యూటర్‌తో ఒప్పందం రాసుకుంటే ఈ నాలుగూ ఉన్నాయేమో చూసుకోండి: విడిభాగాల కనీస నిల్వ, వర్క్‌షాపుల కనీస సంఖ్య, కొనుగోలుదారుల సమాచారం ఎవరిదన్నది, ఒప్పందం తెగితే వారంటీ ఎవరు మోస్తారన్నది. చివరిది లేని ఒప్పందాలే ఎక్కువ.

ధర కోతలతో దారుణంగా దెబ్బతినేది లీజు మార్కెట్. ఐరోపాలో కంపెనీ కార్లు పెద్దయెత్తున లీజు మీదే వెళ్తాయి. మూడేళ్ల తర్వాత కారు ఎంతకు పోతుందన్నదే నెలవారీ అద్దెను తేలుస్తుంది. షోరూం ధర ఒక్కసారిగా తగ్గిస్తే, అప్పటికే రోడ్డు మీదున్న ప్రతి కారు విలువా తగ్గినట్టే. 2024లో థాయ్‌లాండ్‌లో ధరలు వరసగా కోస్తే ముందు కొన్నవాళ్లు ఫిర్యాదులకు దిగారు, వినియోగదారుల రక్షణ సంస్థ విచారణ చేపట్టింది. తగ్గించక తప్పదనుకుంటే కొత్త వేరియంట్ రూపంలోనో, తక్కువ వడ్డీ రూపంలోనో ఇవ్వండి. ప్రభుత్వ ప్రోత్సాహకాన్ని ధరలో కలిపి లెక్కవేసుకోవద్దు. జర్మనీ 2023 డిసెంబరులో దాదాపు రాత్రికి రాత్రే బోనస్ ఆపేసింది, అమెరికా 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. ఫ్రాన్స్ బోనస్‌కు తయారీలో వెలువడే కార్బన్‌ను కూడా లెక్కలోకి తెచ్చి, చైనా నుంచి వచ్చే చాలా మోడళ్లను పక్కనపెట్టింది.

అక్కడే ఫ్యాక్టరీ కట్టడం ఎప్పుడన్నది సుంకం కాక అమ్మకాల నిలకడ తేల్చాలి. బీవైడీ థాయ్‌లాండ్‌లోని రయోంగ్‌లో 2024 జులైలో ప్లాంటు తెరిచింది. దిగుమతి రాయితీ తీసుకున్న కంపెనీలు తర్వాత ఆ లెక్కకు తగ్గట్టు అక్కడే తయారు చేయాలన్నది ఆ దేశపు షరతు. ఇలాంటి షరతులో అమ్మకాలు పడిపోయినా తయారీ బాకీ తగ్గదు. సంతకానికి ముందు సగం అమ్మకాలతో ఆ బాకీ ఎలా తీరుస్తారో లెక్క వేసి చూసుకోండి.

మీ ఏడాదిన్నరను నేనైతే ఇలా వాడతాను. మొదటి మూడు నెలలు దేశం ఎంపిక, పేరు రిజిస్ట్రేషన్, సప్లయర్ల ఒప్పందాల సవరణ. అప్పుడే సైబర్ భద్రతా సర్టిఫికెట్‌కు దరఖాస్తు, ఎందుకంటే మిగతా ఆమోదాలన్నీ దానికోసం ఆగుతాయి. తర్వాత ఛార్జింగ్ హార్డ్‌వేర్ మార్పు, మొదటి శీతాకాలం. పన్నెండో నెలకు గోదాము, రెండు మూడు వర్క్‌షాపులు, రీసైక్లర్. పద్దెనిమిదో నెలకు రెండో శీతాకాలం అందకపోతే లాంచ్ తేదీని జరపండి. అమ్మకాలు మొదలయ్యాక ప్రతి వారం ఒకే అంకె చూడండి: వర్క్‌షాపులోకి వచ్చిన కారు తిరిగి రోడ్డెక్కడానికి సగటున ఎన్ని రోజులు పడుతోందన్నది. అది పది రోజులకు లోపే వరసగా ఆరు నెలలు నిలిస్తే రెండో దేశం ఫైలు తెరవండి.